నిలబడ్డ చేలో పరిగె

నీరు వెనక్కి తీసి ఉప్పుటేరు మోకాటి లోతుకు దిగేసరికి ఎలీసమ్మ రెండో వరసలో ఉంది. చీర కుచ్చెళ్ళు వెనక్కి దోపుకుని, నడుం వంచి, నీళ్ళడుగున గడ్డి ఆకులకు పట్టిన నాచును వేళ్ళ సందుల్లోంచి దువ్వి తీసి భుజాన వేలాడే గోనెసంచిలో వేస్తోంది. గట్టిగా లాగితే నాచుతో పాటు గడ్డీ ఊడి వస్తుంది. మెత్తగా లాగితే నాచు కదలదు. ఆ రెంటికీ నడుమ చెయ్యి ఎక్కడ ఆగాలో నేర్చుకోవడానికి ఆమెకు ఒక ఏడాది పట్టింది. నేర్చుకునేలోపల ఊడిపోయిన గడ్డి తక్కువేం కాదు గానీ, ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఏటిలో గడ్డికి కలుపు తీసే మనిషి ఉందంటే కొత్తపట్నం బస్సులో జనం నవ్వేవాళ్ళు. "గడ్డికి కలుపేంది పిన్నీ, గడ్డే కలుపు గదా!" అని కండక్టరు ఒకసారి బస్సంతా వినేట్టు అన్నాడు. ఎలీసమ్మా నవ్వింది. మిరపలో, పత్తిలో ఇన్నేళ్ళూ గడ్డిని పీకి గట్టున పారేసిన మనిషి, ఇప్పుడు నీళ్ళలో గడ్డినే నాటి దానికి కాపలా కాస్తోంది. నవ్వక ఏం చేస్తారు?

ఆమెది పొట్టి శరీరం. యాభై దాటినా నడుం ఇంకా వంగమన్నట్టు వంగుతుంది. మిరపకాయలు కోసీ కోసీ వేళ్ళ కొనలు మొద్దుబారిపోయాయి, వేడి గిన్నెను మసిగుడ్డ లేకుండా దించుతుంది. ఉప్పునీళ్ళలో నానిన పాదాలు పగుళ్ళు బారి తెల్లగా పాలిపోయాయి. మెడలో నల్లదారానికి చిన్న సిలువ ఉంటుంది. వంగినప్పుడల్లా అది నీళ్ళను తాకుతుంటే తీసి నోట కరచుకుంటుంది.

ఆ ఉదయమే మేస్త్రి ఆదాం ఆమె ఉండే గుడిసెల కాలనీకి వచ్చాడు. ఏటా మిరపకాయ కోతల కాలానికి సత్తెనపల్లి వైపు లారీలో మనుషుల్ని తోలుకెళ్ళేది అతనే.

"సాయంత్రం లారీ పెడతన్నా పిన్నీ. కాయ ఇరగ కాసింది ఈ ఏడు. వస్తావా?"

"రానబ్బాయ్. నా చేను నాకుంది," అంది ఎలీసమ్మ.

"నీళ్ళలో చేను! పట్టా ఎవరిచ్చారే?" అని ఆదాం నవ్వుకుంటూ పోయాడు. 'నా చేను' అన్నందుకు ఆమెకు దారి పొడుగునా లోపల సంతోషంగానే ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట అనుకోవడానికి ఆమెకు అవకాశం రాలేదు.

ఆమెది సత్తెనపల్లి అవతల పల్లె. పెనిమిటి తోమా కౌలుకు పత్తి వేశాడు. ఆ ఏడు పురుగు, కొట్టిన మందునంతా తాగి బలిసింది. పత్తి మాత్రం చచ్చింది. ఊళ్ళో పనులు లేక, కొత్తపట్నం దగ్గర రొయ్యల చెరువుల్లో పని ఉందంటే రెండు కుటుంబాలు కలిసి బయలుదేరాయి. రెండో కుటుంబం మదార్‌బీ వాళ్ళది. వాళ్ళు దూదేకులవాళ్ళు. ఆమె మామ కాలంలో ఇంటి ముందు విల్లు మోగుతుంటే ఊరంతటి పరుపులకూ దూది అక్కడే ఏకేవారు. మిషన్లు వచ్చాక విల్లు అటకెక్కింది, ఇంట్లోవాళ్ళు కూలికెక్కారు. ఎలీసమ్మ, మదార్‌బీ వయసులో ఉన్నప్పుడు గుంటూరు యార్డులో టిక్కీలనే మిరపకాయల గోతాలు తొక్కి, దబ్బనంతో మూతులు కుట్టారు. ఒకే తట్టలో అన్నం తిన్నారు. ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు. ఏ మతంలో వదినలయ్యారని అడిగినవాళ్ళకు మదార్‌బీ, "మిరప మతంలో," అని జవాబు చెప్పేది.

చెరువుల పని రెండేళ్ళు కూడా నిలవలేదు. రొయ్యకు తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువులు ఎండబెట్టారు. కామెర్లొచ్చి తోమా పోయాడు. ఎలీసమ్మకు పిల్లల్లేరు. మూడు రోజులు పొయ్యి వెలిగించని ఆ గుడిసెలోకి గంజి పట్టుకొచ్చి, తాగేదాకా ఎదురుగా కూర్చున్నది మదార్‌బీ. ఆ తర్వాత ఎలీసమ్మకు ఈ లోకంలో నా అనే మనిషి ఎవరంటే ఆమే.

చెరువులు పోతూ పోతూ ఏటిని కూడా చంపిపోయాయి. అడుగున పేరుకున్న నల్లబురదను తూములెత్తి ఏటిలోకే తోసేవారు. ఆ బురద కింద ఏటి పాత గడ్డి ఊపిరాడక కుళ్ళిపోయింది. గడ్డి పోయాక చేప గుడ్డు పెట్టే చోటు లేదు, పీత దాక్కునే చోటు లేదు. అప్పుడే ఒంగోలు నుంచి జీపులో మాధురిగారు వచ్చారు. ఏటిలో మళ్ళీ గడ్డి నాటించే పని ఆమెది. కళ్ళజోడు పెట్టుకుని, ప్యాంటు మడిచి, అందరికన్నా ముందు ఆమే బురదలోకి దిగింది. "ముందు నేల, తర్వాతే నారు," అని ఒక ఏడాదంతా గడ్డి ఊసే ఎత్తనివ్వలేదు. నీటి వడికి అడ్డంగా వెదురు తడికలు పాతించింది. నల్లబురద మీద సన్నటి ఇసుక పరిపించింది. నెలనెలా గొట్టం గుచ్చి అడుగు మన్ను తీసి, కంపు తగ్గిందా, ఇసుకా ఒండ్రూ సమంగా కలిశాయా అని వాసన చూసి, వేళ్ళతో నలిపి చూసేది.

ఎలీసమ్మకు అదంతా నచ్చింది. దుక్కి బాగుంటేనే పైరు, ఇందులో తెలియందేముంది? అయితే నాటే దగ్గర మాత్రం పొరపాటు ఆమే చేసింది. దక్షిణాన ఇంకో ఏటి నుంచి తెచ్చిన గడ్డి నారును, గరికలాగా పాకే వేరుతీగలతో సహా, తట్టల్లో పెట్టి ఆమెకు అప్పగించారు. మిరపనారుకు చేసినట్టే తడి గోనెపట్టా కప్పి, వాడిపోతుందేమోనని కడవలో మంచినీళ్ళు తెచ్చి పొద్దుగూకేదాకా ప్రేమగా చిలకరించింది. తెల్లారేసరికి నారంతా ఉడకబెట్టిన తోటకూరలా అయింది. మాధురిగారు తిట్టలేదు. "దీనికి మంచినీళ్ళే విషం ఎలీసమ్మగారూ. ఉప్పునీళ్ళలోంచి వచ్చింది, ఉప్పునీళ్ళే కావాలి," అంది. ఎలీసమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు.

రెండో విడత నారు బతికింది. వేరుతీగను మన్నులో పరిచి, వంచిన వెదురుపుల్లతో అదిమి, వరసలు వరసలుగా నాటారు. నాటే కూలీలు వెళ్ళిపోయాక కాపుదలకు ఎలీసమ్మను ఉంచారు. అయితే ఏరు పల్లెకారులది. ఒక మలుపు మొత్తం వలలు వేయకుండా విడిచిపెట్టడమంటే వాళ్ళ కూట్లో కొంత విడిచిపెట్టడమే. వాళ్ళ కులానికి పెద్ద, పెద్దకాపు పోలయ్య ఆలోచించి ఒప్పుకున్నాడు.

"రెండేళ్ళు మావోళ్ళెవరూ అక్కడ వల ముంచరు. దానికి నేను జవాబు. మీ కాలనీవోళ్ళకి ఎవరు జవాబు?"

"నేను," అంది ఎలీసమ్మ, ఎవరూ అడగకముందే ముందుకు జరిగి. ఆమె మాటను అంతమంది మగవాళ్ళు విని తలలూపడం అదే మొదలు. ఆ రోజు నుంచి ఏటిగట్టున ఆమె నడకే మారిందని మదార్‌బీ ఎగతాళి చేసేది.

గడ్డి పాకింది. వరసకూ వరసకూ మధ్య ఖాళీ కనబడకుండా అల్లుకుంది. మొన్న చలికాలం మొదట్లో ఒకనాడు ఎలీసమ్మ నాచు తీస్తుంటే అరచేతిలో ఏదో గిలిగింత పెట్టింది. దోసిట్లో నీళ్ళు పట్టి చూస్తే రొయ్య పిల్లలు, కళ్ళు తప్ప ఒళ్ళు కనబడనంత సన్నవి, ఆకు ఆకుకూ పట్టి ఉన్నాయి. ఆమె సాయంత్రం దాకా ఆగలేక మదార్‌బీ గుమ్మంలోకి పరుగెత్తింది.

"వదినా, గడ్డి నిండా రొయ్య పిల్లే! ఎవ్వరికీ చెప్పమాక."

మదార్‌బీ కొడుకు రసూల్ పని లేక అరుగు మీద పడి ఉన్నాడు. ఇంకా చెరువులు నడిచే పై ఊళ్ళవాళ్ళు రొయ్య పిల్లను డబ్బిచ్చి కొంటారు. ఎలీసమ్మ అటు చూసింది, వదిన మొహం చూసింది. పల్లెల్లో పరిగె అని ఒకటుంటుంది. కోత అయ్యాక చేలో రాలిన కంకో, కాయో, దూది పింజో ఏరుకుంటామని లేనివాళ్ళు వస్తే ఏ ఆసామీ కాదనడు. అది అడగక్కర్లేని హక్కు. ఆసామి కావడం అంటే పరిగెకు అడ్డుచెప్పకపోవడమని ఎలీసమ్మ చిన్నప్పటి నుంచీ చూస్తూ వచ్చింది. ఆ ఒక్కసారి ఆమె ఆసామి అయింది.

"అంచున నిలబడి, పైటకొంగుతో నాలుగు దేవుకో వదినా. గడ్డిలో కాలు పెట్టమాక. పరిగె అనుకో," అంది.

ఆ చలికాలంలోనే రంజాను పండగా, క్రిస్మసూ ఒకే వారంలో వచ్చాయి. మదార్‌బీ సేమ్యా తెచ్చింది. ఎలీసమ్మ తనకు చర్చిలో ఇచ్చిన కొత్త నైలాను చీర, ముక్కుపొడి రంగు మీద పసుపు చుక్కలది, వదినకు పెట్టింది. దాన్ని మదార్‌బీ ఒక్కసారి కూడా కట్టగా చూడలేదు. అపురూపంగా దాచుకుందనుకుంది. పండగ వెళ్ళాక మదార్‌బీ ప్రేమ ఇంకా ఎక్కువైంది. రోజూ పొద్దుగూకాక వచ్చి కూర్చుని, "రేపు ఏటిలో ఏ పక్కన ఉంటావు వదినా?" అని అడిగేది. తన పని గురించి అడిగే మనిషి ఒకరున్నారని ఎలీసమ్మకు కడుపు నిండేది. రేవు దగ్గరి రేకుల షెడ్డు పక్కనుంటాననో, అక్కడి కొత్త వరసల్లో ఉంటాననో, పూసగుచ్చినట్టు చెప్పేది.

పండగ వెళ్ళినప్పటి నుంచీ ఆమె రేవు దగ్గరి వరసల్లోనే పని చేస్తూ వచ్చింది. అక్కడ నాచు విపరీతంగా పట్టింది, అది వదిలి కదలడానికి లేకపోయింది. ఎల్లుండి మాధురిగారు చూడటానికి వస్తారు గనక, ఇవాళ రెండో వరస ముగించి, మడచెట్ల మలుపు అవతలి పాత వరసల వైపు నడిచింది. అవే మొదట బతికిన వరసలు.

ముందు కనబడింది మలుపు దగ్గర తేలుతున్న పచ్చదనం. తెట్టులా కట్టి, వేరుతీగలతో సహా, వెదురుపుల్లలు ఇంకా గుచ్చుకునే ఉన్న గడ్డి. ఆమె నీళ్ళలో పరుగెత్తబోయి పడింది, లేచింది. అడుగున అరచేతులు పెట్టి తడిమింది. ఒకదాని పక్కన ఒకటి చాళ్ళు తగిలాయి. వల లాగిన చాళ్ళు. ఇసుక పొర గీరుకుపోయి కింది నల్లబురద పైకి తేలింది. చేతికి ఆ పాత కంపే అంటింది. ఒక వరస పూర్తిగా లేదు. పక్క వరసా లేదు. ఆ మలుపంతా లేదు.

తేలే గడ్డిని దోసిళ్ళతో దగ్గరికి లాక్కుని, వేరుతీగను మళ్ళీ మన్నులో పెట్టి అదిమింది. బురదలో పుల్ల నిలవలేదు. అదిమిన చెయ్యి తీయగానే తేలింది. నాలుగుసార్లు అదిమింది, నాలుగుసార్లూ తేలింది. ఐదోసారి చెయ్యి లోపలికి దిగినప్పుడు వేళ్ళకు గుడ్డ తగిలింది.

పైకి తీసింది. గుప్పెడంత గుడ్డసంచి, నిండా ఇసుక. దోమతెర గుడ్డతో వల కట్టుకునేవాళ్ళు, అడుగు అంచు నేలను పట్టి గీరుకుంటూ రావడానికి ఇలాంటివి వేలాడదీస్తారు. ముక్కుపొడి రంగు. పసుపు చుక్కలు. నైలాను గుడ్డ గనక ఉప్పునీళ్ళకు రంగు కూడా దిగలేదు. మూతిని మడిచి, పురికొసతో రెండుసార్లు ముందుకూ ఒకసారి వెనక్కూ వేసి కుట్టారు. మిరప టిక్కీ కుట్టు. ఆ వెనక కుట్టు వెయ్యకపోతే లారీలో టిక్కీ పగులుతుందని మదార్‌బీకి యార్డులో చెయ్యి పట్టి నేర్పింది ఎలీసమ్మే.

ఆమె ఏడవలేదు. నడుం లోతు బురదనీళ్ళలో అలాగే కూర్చుండిపోయింది. నోట కరచుకున్న సిలువ ఎప్పుడు జారిందో తెలియదు.

పోలయ్య తెప్ప మీద వచ్చాడు. గెడ గుచ్చి కొంచెం దూరంలోనే ఆపాడు.

"చూశావా అమ్మా."

"ఎవరు కాకా?" అని అడిగింది, సంచిని గుప్పిట్లో మూసి. తెలిసే అడిగింది.

"మీ బీబమ్మ. ఆమె కొడుకు. నువ్వు అటు రేవులో ఉంటే వాళ్ళు ఇటు ఉంటారు. మావోళ్ళు అడిగితే, ఎలీసమ్మే తీసుకోమందంది. నీకు తెలిసే జరుగుతంది గామోసు అనుకున్నాం."

"నేను..." అని ఆగిపోయింది. తీసుకోమన్న మాట నిజమే. ఆ తర్వాతిదంతా పోలయ్యకు ఎలా చెబుతుంది?

"మాట నీది గదమ్మా. మా పిలగాళ్ళను ఇన్నాళ్ళూ కట్టేశాను. ఇంక ఆగరు. రేపు పొద్దున నించి వాళ్ళూ దిగుతారు." పోలయ్య గొంతులో కోపం లేదు. కోప్పడినా బాగుండేది. గెడ తీసుకుని వెళ్ళిపోయాడు.

కాలనీకి వచ్చేసరికి మదార్‌బీ గుమ్మం ముందు, దండెం మీద ఆరేసిన దోమతెర వల కింద గొంతుక్కూచుని, అల్యూమినియం బేసిన్లో నీళ్ళను ఆల్చిప్పతో తోడుతూ రొయ్య పిల్లను పక్క బిందెలోకి వేరు చేస్తోంది. ఎలీసమ్మను చూసి లేవబోయి, ఆమె తడి చీర, బురద చేతులు చూసి మళ్ళీ కూర్చుంది.

"ఎప్పట్నించి వదినా?"

మదార్‌బీ ఆల్చిప్ప ఆపలేదు. "పండగ పోయినకాణ్ణించి."

"ఏ పక్కన ఉంటావని రోజూ అడిగింది ఇందుకా?"

ఆల్చిప్ప బేసిన్ అంచుకు తగిలి చప్పుడైంది.

"నాకు గంజి పోసినదానివి. నిన్ను నమ్మినట్టు దేవుణ్ణి కూడా నమ్మలేదే!" ఆ మాటకు చుట్టుపక్కల గుడిసెల వాళ్ళు తొంగిచూశారు. మదార్‌బీ మొహం ఎర్రబడింది.

"ఏంది అరుస్తావు? పరిగె అన్నది నువ్వు కాదా? పరిగె ఏరుకునేవాళ్ళని ఇంత ఏరావా అంత ఏరావా అని ఎవరన్నా అడుగుతారా? నీకు ఏటి మీద పనుంది. నా బిడ్డ అరుగు మీద పడుంటే నేను చూస్తా కూకోవాలా?"

"పరిగె కోత అయినాక వదినా," అంది ఎలీసమ్మ, ఈసారి చాలా మెల్లగా. "నిలబడ్డ చేలో కాదు."

"నీళ్ళలో నిలబడ్డదేందో, కోసిందేందో నాకేం తెలుసు!"

ఆ మాట అంటూ మదార్‌బీ కళ్ళు దించుకుంది. పదేళ్ళప్పటి నుంచి చేలల్లో పనిచేసిన మనిషి. పైరు నిలబడిందో లేదో కళ్ళకు గంతలు కట్టినా చెప్పగలదు. తెలియదని అబద్ధం ఆడటమే ఎలీసమ్మకు అన్నిటికన్నా కష్టమనిపించింది. బతకలేక చేశానంటే, ఏమో, పక్కన కూర్చుని ఇద్దరూ ఏడ్చేవాళ్ళేమో. ఇప్పుడు ఏడవడానికి కూడా చోటు మిగల్లేదు.

గుడిసెలోకి వెళ్ళి పొడిచీర కట్టుకుంది. రెండు చీరలు, పళ్ళెం, బైబిలు మూటకట్టింది. తట్టా, మిగిలిన వెదురుపుల్లల కట్టా తీసుకెళ్ళి ఏటిగట్టున రేకుల షెడ్డులో పెట్టి తలుపు గడియ వేసింది. మాధురిగారు ఎల్లుండి వచ్చి జీపు దిగి, ప్యాంటు మడుచుకుని, మలుపు వైపే నడుస్తారు. అది తలుచుకుంటే ఆమెకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. పోటు మొదలై నీళ్ళు నిండుతున్నాయి. పై నుంచి చూసేవాళ్ళకు ఏరు ఎప్పట్లాగే ఉంది.

ఎండ పడమటికి వాలేవేళకు లారీ వచ్చి కాలనీ మొదట్లో ఆగింది. ఆడవాళ్ళు మూటలతో ఎక్కుతున్నారు. ఎలీసమ్మను చూసి ఆదాం పళ్ళికిలించాడు.

"ఏందే పిన్నీ, నీ చేను ఏమయింది?"

"కోత అయిపోయింది," అంది ఎలీసమ్మ.

అతను నవ్వబోయి ఆమె మొహం చూసి మానుకుని, చెయ్యి అందించాడు. ఆమె మూట పైకి విసిరి, "ఒక్క నిమిషం ఆగబ్బాయ్," అని వెనక్కి నడిచింది. మదార్‌బీ గుమ్మంలో ఎవరూ లేరు. బేసిన్ బోర్లించి ఉంది, దండెం మీద దోమతెర వల లేదు. పోటు నీటికి తల్లీకొడుకులు ఏటికి దిగినట్టున్నారు. ఎలీసమ్మ కొంగుముడి విప్పింది. గుప్పిట్లో ఇసుక సంచిని ఒకసారి తూచినట్టు పట్టుకుంది. ఏటిలో పారేద్దామనుకుంది. మళ్ళీ, ఎవరి వస్తువు వాళ్ళకు చేరాలనుకుంది. ఎలీసమ్మ అంత పెద్ద మనసున్న మనిషేం కాదు.

లారీ కదిలి మట్టిరోడ్డు మలుపు తిరిగేదాకా ఆమె వెనక్కే చూస్తూ నిలబడింది. ఖాళీ గుమ్మంలో, గడప మీద సరిగ్గా నడుమ, పసుపు చుక్కల గుడ్డసంచి ఇంకా తడి ఓడుతూ ఉంది. వెనక కుట్టులో చిక్కుకుని ఒక గడ్డి ఆకు, ఇంకా పచ్చగానే.